దెబ్బ తగిలినా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆటగాళ్లు ఎందుకు ఆడేస్తారు? టీమ్ డాక్టర్ ఆపడా?

ఆపుతాడు. కానీ చాలా దెబ్బలు పైకి కనిపించవు, ఆటగాడు నోరు విప్పితేనే తెలుస్తాయి. ఆ నోరు నొక్కేది జట్టు వాతావరణం. చోటు పోతుందన్న భయం, కాంట్రాక్టు చివరి ఏడాది, "మనోడు గట్టోడు" అన్న పొగడ్త. నన్నడిగితే పొగడ్తే ఎక్కువ ప్రమాదం. 1956లో ఇంగ్లండ్ క్లబ్బుల టోర్నీ ఎఫ్ఏ కప్ ఫైనల్లో మాంచెస్టర్ సిటీ గోల్‌కీపర్ ట్రౌట్‌మన్ మెడ ఎముక విరిగినా చివరిదాకా ఆడాడు. అప్పట్లో సబ్‌స్టిట్యూట్లే లేరు. ఇప్పటికీ దాన్ని వీరగాథలాగే చెప్తారు.

తల దెబ్బ సంగతి వేరు. 2014 ప్రపంచకప్ ఫైనల్లో జర్మనీ ఆటగాడు క్రామర్ 17వ నిమిషంలో దెబ్బ తిని, 31వ నిమిషం దాకా మైదానంలోనే ఉన్నాడు. ఇది ఫైనలేనా అని రెఫరీనే అడిగాడు! అలాంటివాణ్ణి "ఆడగలవా?" అని అడిగి ఏం లాభం? ఆ నిర్ణయం డాక్టరుదే కావాలి.

మా శ్రీకాకుళంలో పొద్దున్నే గ్రౌండుకొచ్చే కుర్రాళ్లలోనూ ఇదే చూస్తున్నా. మొన్న ఒకడికి చీలమండ వాచి బూటు లేసు బిగియట్లేదు. స్ప్రే కొట్టుకుని దిగిపోతున్నాడు.

"నొప్పి లేదేటిరా?"

"ఉందన్నా. చెప్తే వచ్చే మ్యాచ్‌కి తీసుకోరు."

వాళ్ల కోచ్ అది విని, "నీ చోటు నీకే ఉంటాది, ముందు వాపు తగ్గించుకో" అని అందరి ముందూ అన్నాడు. ఆ వారంలోనే ఇంకో ఇద్దరు తమ మోకాలి నొప్పుల గురించి చెప్పుకున్నారు.