భావాలు దేశం దాటితే అసలు అర్థం పోతుందా? ఒక అనువాదకురాలి జవాబు

మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను: ఒక సమాజంలో పుట్టిన తాత్విక భావం మరో సమాజానికి చేరేసరికి అసలు అర్థం పోతుందా, పోతే దాన్ని వక్రీకరణ అనాలా, ఎదుగుదల అనాలా? నేను తత్వశాస్త్రం చదువుకున్న మనిషిని కాను. పద్నాలుగేళ్ళుగా ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదాలు చేసుకుంటూ బతుకుతున్నాను. అందుకే నా జవాబు మాటల వైపు నుంచి వస్తుంది. ముందే చెప్పేస్తాను: పోతుంది. ఎంతో కొంత పోకుండా ఏ భావమూ సరిహద్దు దాటలేదు. అయితే పోయిన చోట ఏం వచ్చి చేరిందో, ఎవరి అవసరం కొద్దీ చేరిందో చూడకుండా వక్రీకరణ అని ముద్ర వేయడం నాకు తొందరపాటుగా అనిపిస్తుంది.

ఇది పుస్తకాల్లో చదివి తెలుసుకున్న సంగతి కాదు. ఒకే ఒక్క మాట నన్ను పెట్టిన అవస్థ వల్ల తెలిసింది.

కొన్నేళ్ళ క్రితం ఒక సంస్థ తన ఉద్యోగుల కోసం తయారుచేసిన ఎనిమిది వారాల ధ్యాన శిక్షణ పుస్తకాన్ని తెలుగు చేయమని నాకిచ్చింది. ప్రతి పేజీలోనూ 'మైండ్‌ఫుల్‌నెస్' అన్న మాట ఉంది. నిఘంటువు తిరగేసి 'బుద్ధిపూర్వకత' అని పెట్టి మొదటి అధ్యాయం పంపాను. మరునాడే సమీక్షకుడు ఫోను చేశారు. "అమ్మా, రోజూ ఇరవై నిమిషాలు బుద్ధిపూర్వకంగా ఊపిరి పీల్చండి అంటే ఏదో నేరం చేయమన్నట్టుంది" అన్నారు. నవ్వొచ్చింది కానీ ఆయన అన్నది నిజమే. తెలుగులో ఎవరైనా ఒక పని బుద్ధిపూర్వకంగా చేశారంటే అది తప్పుడు పనే అయి ఉంటుంది. 'సావధానత' అని మార్చాను. ఎవరో కవాతు చేయిస్తున్నట్టు వినిపించింది. 'జాగరూకత' అంటే చుట్టుపక్కల దొంగలు తిరుగుతున్నట్టుంది. చివరకు 'ఎరుక' దగ్గర ఆగాను. అది చక్కని మాట, పాతమాట. కానీ దానికీ సొంత బరువు ఉంది. తత్వాలు పాడేవారికి ఎరుక అంటే తన్ను తాను తెలుసుకోవడం. ఇంకోవైపు ఎరుక చెప్పడమంటే సోది చెప్పడం. ఆఫీసులో అలసిపోయిన మనిషి కాస్త స్థిమితపడటానికి చేసే అభ్యాసానికి ఇవన్నీ ఎక్కడ అతుకుతాయి?

ఇక ఆ ఇంగ్లీషు మాట ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దామని వెనక్కి నడిచాను. నడిచినకొద్దీ దారి నా దగ్గరికే రావడం మొదలుపెట్టింది. బౌద్ధ గ్రంథాల్లోని 'సతి' అనే పాళీ మాటకు ఇంగ్లీషు సమానార్థకంగా పాళీ పండితుడు టి.డబ్ల్యు. రిస్ డేవిడ్స్ 1881లో దాన్ని వాడారు. పాళీ సతి సంస్కృతంలో 'స్మృతి'. అంటే జ్ఞాపకం. బుద్ధుడు చెప్పినదాన్ని, చేయవలసినదాన్ని మరవకుండా మనసులో నిలుపుకోవడం అన్న అర్థం అందులో గట్టిగా ఉంది. ఇప్పటి శిక్షణ పుస్తకాలు దాదాపు దీనికి ఎదురు చెబుతాయి: గతాన్ని వదలండి, ఈ క్షణంలో ఉండండి, ఏదీ మంచీ చెడూ అని తూచకండి. జ్ఞాపకం అన్న మాట ప్రయాణం చేసి చేసి, గతాన్ని పక్కన పెట్టమనే మాటగా మారింది.

దీన్ని ఎవరో ఒకరు చెడగొట్టారనుకుంటే కథ తేలిక. అలా జరగలేదు. బర్మాలో 1885లో బ్రిటిష్‌వారు రాజును దించేశాక, రాజపోషణ పోయిన ధర్మాన్ని ఎవరు కాపాడాలి అన్న ప్రశ్న వచ్చింది. లెడీ సయాడో వంటి భిక్షువులు గృహస్థులకు కూడా అభిధర్మం (బౌద్ధుల తాత్విక విశ్లేషణ), ధ్యానం నేర్పసాగారు. అంతవరకు ధ్యానం ప్రధానంగా సన్యాసుల పని, వారిలోనూ కొద్దిమంది పని. అంటే పడమటి దేశాలకు 'ప్రాచీన పద్ధతి'గా చేరినది అప్పటికే వలసపాలనకు జవాబుగా మారిన రూపం. తర్వాత 1979లో జాన్ కబాట్-జిన్ మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రంలో, దీర్ఘకాలిక నొప్పితో బాధపడే రోగుల కోసం దాన్ని ఎనిమిది వారాల కార్యక్రమంగా మలిచారు. ఆస్పత్రిలో నిర్వాణం గురించి మాట్లాడితే ఎవరూ వినరని ఆయనకు తెలుసు, అందుకే మతపు మాటలను కావాలనే పక్కన పెట్టారు. ప్రతి మలుపులోనూ ఒక అవసరం ఉంది. ప్రతి మలుపులోనూ ఏదో ఒకటి రాలిపోయింది. రాలిపోయినవాటిలో నాకు బాధ కలిగించేది ఒక్కటే, శీలం. అబద్ధం ఆడకు, హింస చేయకు, పక్కవాడిది తీసుకోకు అన్న నియమాలు లేకుండా పాత సంప్రదాయంలో ధ్యానం లేదు. నేను అనువదించిన పుస్తకంలో వాటి జాడ లేదు. ఉద్యోగి స్థిమితంగా ఉంటే చాలు, సంస్థ స్థిమితంగా ఉందో లేదో అడిగే పేజీ ఒక్కటీ లేదు.

కష్టం కలిగించే భాగమే ముందు రాలిపోతుందన్నది నా అనుమానం. ఖర్చు లేని భాగం తేలిగ్గా ప్రయాణిస్తుంది.

అన్ని మార్పులూ ఇలాంటివి కావు. కొన్ని శుద్ధ పొరపాట్లు, పొరపాటు జరిగినా ఏమీ కాలేదు. నాకిష్టమైన ఉదాహరణ గణితంలోది. మన జ్యోతిర్గణితంలో 'జ్యా' అంటే వింటినారి. దానికే 'జీవా' అని మరో పేరు. అరబ్బులు ఆ శబ్దాన్ని అలాగే 'జిబ' అని తీసుకున్నారు. అరబ్బీ రాతలో హ్రస్వాచ్చులు సాధారణంగా రాయరు కనుక ఆ అక్షరాలను 'జైబ్' అని చదివే వీలుంది. జైబ్ అంటే వస్త్రపు మడత, రొమ్ము. 12వ శతాబ్దపు లాటిన్ అనువాదకులు దాన్ని అక్షరాలా అనువదించి 'సైనస్' అన్నారు. ఇవాళ బడిపిల్లలు 'సైన్' అని వల్లించేది ఆ మడతనే. వింటినారి కాస్తా బట్ట మడత అయింది, అయినా త్రిభుజం ఇసుమంతైనా చలించలేదు. ఎందుకంటే అక్కడ భావాన్ని మోసింది మాట కాదు, బొమ్మ. మాట జారినా బొమ్మ పట్టుకుంది.

బొమ్మ లేనిచోట ఏమవుతుందో అరిస్టాటిల్ కావ్యశాస్త్రం చూపిస్తుంది. 10వ శతాబ్దంలో మత్తా ఇబ్న్ యూనుస్ దాన్ని సిరియాక్ భాష నుంచి అరబ్బీలోకి తెచ్చాడు. గ్రీకు నాటకశాల వంటిది ఆయన ముందు లేదు. ట్రాజెడీని 'స్తుతి' అన్నాడు, కామెడీని 'నింద' అన్నాడు. అరబ్బీ కవిత్వంలో ఆ రెండూ బలమైన ప్రక్రియలు, చేతికందిన మాటలు అవే. తర్వాత తత్వవేత్త ఇబ్న్ రుష్ద్ అంతటి మేధావి కూడా ఆ దారిలోనే వ్యాఖ్యానం రాశాడు. ఆ వ్యాఖ్యానాన్ని హెర్మానస్ అలెమానస్ 1256లో లాటిన్ చేస్తే, చాలాకాలం ఐరోపా పండితులు అరిస్టాటిల్‌ను దాని ద్వారానే చదివారు. నాటకమే లేని నాటకశాస్త్రం! దీన్ని చదివినప్పుడు నాకు నవ్వు రాలేదు. ఎదురుగా లేని వస్తువు పేరును అనువదించమంటే నేను చేసేదీ అదే కదా, దగ్గర్లో ఉన్నదాన్ని వెతుక్కోవడం.

చైనాలో బౌద్ధానికీ మొదట ఇదే జరిగింది. తొలి అనువాదకులు నిర్వాణానికి తావో మతంలోని 'ఊవెయ్' అనే మాట వాడారు. ఊవెయ్ అంటే బలవంతపు ప్రయత్నం లేకుండా ఉండటం. చదివినవారికి బుద్ధుడు తమకు తెలిసిన మునిలాగే కనిపించాడు. అందుకే తలుపు తెరిచారు. 401లో ఛాంగాన్ నగరం చేరిన బౌద్ధ భిక్షువు కుమారజీవుడు ఎన్నో సూత్రాలను మళ్ళీ కొత్తగా, హాయిగా చదువుకునే చైనీసులోకి అనువదించాడు. అంత చేసిన ఆయనే, అనువాదమంటే నమిలిన అన్నాన్ని మరొకరి నోట పెట్టడం వంటిదని, రుచి పోవడమే కాదు, వెగటు పుడుతుందని అన్నాడట. వృత్తిలో ఉన్నవారికే తెలిసే ఎంగిలి అది.

ఆయనకు పూర్తిగా వేరైన స్వభావం చైనా యాత్రికుడు హ్యుయాన్ త్సాంగ్‌ది. 629లో భారతదేశానికి బయలుదేరి, 645లో 657 గ్రంథాలతో తిరిగివెళ్ళిన ఆయన పేరిట ఒక సూత్రం నిలిచింది: అయిదు రకాల మాటలను అనువదించకూడదు, శబ్దాన్ని మాత్రం తీసుకోవాలి. మంత్రాలు, అనేకార్థాలున్న మాటలు, ఆ దేశంలో లేని జంబూవృక్షం వంటి వస్తువులు, ముందువారు అప్పటికే శబ్దంతోనే స్థిరపరచినవి. అయిదోది నన్ను బాగా ఆలోచింపజేసింది. 'ప్రజ్ఞ'ను మామూలు తెలివి అనే మాటతో అనువదిస్తే లోతు పోతుంది, పరాయి శబ్దంగా ఉంచితేనే గౌరవం కలుగుతుందట. తెలియని మాట కాస్త దూరంలో నిలబెడుతుంది, ఆ దూరమే వినయం పుట్టిస్తుంది. ఇది చదివాక నా పుస్తకంలో ఒక అధ్యాయమంతా 'సతి' అనే ఉంచి చూశాను. ఎలా ఉందో చివర చెబుతాను.

కొన్నిసార్లు భావం దారిలో చెదరదు, చేరినచోటివారు చూసిచూసి దిద్దుతారు. పంచతంత్రంలోని కరటక దమనకుల కథ మీకు తెలిసే ఉంటుంది. దమనకుడు సింహానికీ ఎద్దుకూ మధ్య చిచ్చుపెట్టి, సంజీవకుణ్ణి చంపించి, చక్కగా మంత్రిగా కొనసాగుతాడు. కథ అక్కడితో సరి. రాజనీతి అంటే ఇదీ అని చూపడమే దాని పని, పాపం పండిందా లేదా అన్నది దాని బాధ కాదు. ఆరో శతాబ్దంలో పర్షియా చక్రవర్తి ఖుస్రో అనూషిర్వాన్ కొలువులోని బుర్జోయ్ దాన్ని పహ్లవీ అనే అప్పటి పర్షియన్ భాషలోకి తీసుకువెళ్ళాడు. ఎనిమిదో శతాబ్దంలో ఇబ్న్ అల్-ముకఫ్ఫా అరబ్బీ చేశాడు. అరబ్బీ రూపంలో ఒక కొత్త అధ్యాయం వచ్చి చేరింది, దమనకుడి విచారణ. సాక్ష్యాలు, వాదోపవాదాలు, చివరకు శిక్ష. నేరగాడు తప్పించుకోవడాన్ని కొత్త పాఠకులు భరించలేరని అనువాదకుడికి అనిపించి ఉండాలి. మూలం చెడిందా? నా మట్టుకు మూలంలోని నిష్ఠురమే ఎక్కువ నిజాయితీగా ఉంది. అయినా ఆ అధ్యాయం చదివితే ఎనిమిదో శతాబ్దపు అరబ్బీ పాఠకుడు న్యాయం గురించి ఏమనుకున్నాడో తెలుస్తుంది. మూలం అలాగే వెళ్ళి ఉంటే ఆ సంగతి మనకు అందేది కాదు.

తిరుగు ప్రయాణాలు ఇంకా విచిత్రం. చార్లెస్ విల్కిన్స్ 1785లో భగవద్గీతను ఇంగ్లీషు చేశాడు. అమెరికాలో థోరో అనే రచయిత ఆ అనువాదం చదివాడు. 1849లో ప్రభుత్వానికి సహకరించకపోవడం గురించి వ్యాసం రాశాడు. దక్షిణాఫ్రికాలో గాంధీ ఆ వ్యాసం చదివారు. గాంధీకి గీత మొదట పరిచయమైంది కూడా లండన్‌లో, ఎడ్విన్ ఆర్నాల్డ్ ఇంగ్లీషు పద్యాల్లోనే. వెంటనే దీన్ని సరళరేఖగా గీసి "చూశారా, మనదే మనకు తిరిగొచ్చింది" అనేవారున్నారు. నేను ఒప్పుకోను. థోరో నుంచి సత్యాగ్రహం పుట్టలేదని, ఆ వ్యాసం తన చేతికి వచ్చేనాటికే పోరాటం చాలా దూరం సాగిందని గాంధీయే రాశారు. భావం ఒక చేతి నుంచి మరో చేతికి అందే వస్తువు కాదు. అప్పటికే వెతుకుతున్నవాడికే అది కనిపిస్తుంది.

మన తెలుగు మాటలే చూడండి. 'కర్మ' అంటే పని. మనం దాన్ని 'ఖర్మ' చేసి, నుదుటిమీద కొట్టుకుంటూ అంటాం. ఇంగ్లీషులోకి వెళ్ళి అది చెడ్డవాడికి తగిన శాస్తి అయింది. ఇప్పుడు ఆ ఇంగ్లీషు అర్థమే వెనక్కి వచ్చి, పక్కవాడికి దెబ్బ తగలగానే "కర్మ వదలదు" అని మనవాళ్ళు సంతోషంగా చెప్పుకుంటున్నారు. ఖర్మ అంటే నాకు జరిగింది, కర్మ అంటే నీకు జరగాల్సింది! 'విప్లవం' సంస్కృతంలో ఉపద్రవం, అల్లకల్లోలం. గత శతాబ్దంలో అది ఆశ పుట్టించే మాట అయింది. 'మతం' అంటే అభిప్రాయం. సమ్మతం, అభిమతం అన్నప్పుడు ఆ పాత అర్థం ఇంకా ఊపిరి తీస్తూనే ఉంటుంది. అభిప్రాయం అనే మాటనే, మార్చుకోవడానికి మనుషులు అస్సలు ఇష్టపడనిదానికి పేరుగా పెట్టుకోవడం నాకు ఎప్పటికీ తీరని ఆశ్చర్యం.

కాబట్టి వక్రీకరణా, ఎదుగుదలా అని మీరడిగితే నేను తూచేది ఇలా: కొత్తచోట ఆ భావం ఎవరినైనా ఇబ్బంది పెడుతోందా? పుట్టినచోట సతి మనిషిని కష్టపెట్టింది, నియమాలు అడిగింది. కొత్తచోట ఎవరినీ ఏమీ అడగకపోతే అది నాకు అలంకారంలాగే కనిపిస్తుంది. ఆస్పత్రిలో నొప్పితో ఉన్న రోగి విషయంలో ఈ మాట అనలేను, అక్కడ అది నిజంగా పనిచేసింది. ఆఫీసు పుస్తకం విషయంలో అంటాను.

ఇంతకీ ఆ పుస్తకం సంగతి. చివరకు 'ఎరుక'నే ఖాయం చేశాను. పాళీ మూలం చెబుతూ నాలుగు వాక్యాల వివరణ పేజీ అడుగున రాశాను. అచ్చులో అది తీసేశారు, జాగా లేదట. 'సతి' అని ఉంచిన అధ్యాయాన్ని ప్రయోగంగా ఒక పాత స్నేహితురాలికి చదవడానికి ఇచ్చాను. రెండు రోజుల తర్వాత కాగితాలు తిరిగిచ్చేస్తూ, "అంతా బాగుంది కానీ, ప్రతి ఊపిరిలోనూ సతిని నిలుపుకోండి అని ఎందుకు రాశావు? పెళ్ళికాని ఉద్యోగులు ఏం చేయాలి?" అంది.