ఆయిల్ రంగుల్లో స్టిల్ లైఫ్ చదునుగా వస్తోందా? ముందు దీపం సంగతి చూడండి

మీరు రాగి గిన్నె, నీళ్లున్న గాజు గ్లాసు, రెండు నిమ్మకాయలు బల్ల మీద పెట్టి ఆయిల్స్‌లో స్టిల్ లైఫ్ (కదలని వస్తువుల బొమ్మ) వేశానన్నారు. గీత కుదిరింది, రంగులూ దగ్గరగానే ఉన్నాయి, అయినా వస్తువులన్నీ కత్తిరించి అతికించినట్టు ఉన్నాయన్నారు. ఇంకా ఏ రంగులు కొనాలి, ఏ మీడియం (రంగులో కలిపే ద్రవం) వాడాలి, ఫోటో చూసి వేయొచ్చా అని మీ ప్రశ్న. వాటన్నిటికీ కింద జవాబు రాస్తాను. కానీ ఇలాంటి వస్తువులే ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ పెట్టుకుని వేస్తున్నాను కాబట్టి ఒక మాట గట్టిగా చెప్పగలను: బొమ్మకు బరువూ గుండ్రదనమూ ఇచ్చేది వెలుగునీడల లెక్క. ఆ లెక్క తేలితే నాలుగు రంగులతో కూడా నిమ్మకాయ చేతికి అందేట్టు వస్తుంది.

అందుకే కుంచె పట్టకముందే దీపం చూసుకోవాలి. పైన లైటు, కిటికీ వెలుగు, పక్క గది వెలుగు అన్నీ కలిసి పడుతుంటే ప్రతి వస్తువుకీ రెండు మూడు నీడలు వస్తాయి, ఒక్కటీ గట్టిగా ఉండదు. అప్పుడు ఎంత శ్రద్ధగా చూసి వేసినా చదునుగానే వస్తుంది, ఎందుకంటే ఎదురుగా ఉన్నదే చదునుగా ఉంది. ఒక పెద్ద అట్టపెట్టె తీసుకుని ముందు వైపూ, ఒక పక్కా కోసేయండి. లోపల ముదురు బూడిద రంగు గుడ్డ పరవండి. కోసిన పక్క నుంచి, వస్తువుల కంటే కాస్త ఎత్తులో, ఒకే ఒక్క దీపం పెట్టండి. మిగతావన్నీ ఆర్పేయండి. దీపాన్ని జరుపుతూ పోతే ఒకచోట ప్రతి వస్తువులో సుమారు మూడింట రెండు వంతులు వెలుగు, ఒక వంతు నీడ కనిపిస్తుంది. అక్కడ ఆపండి. గిన్నె నీడ నిమ్మకాయ మీద కొంచెం పడనివ్వండి. వాటి మధ్య ఎంత దూరముందో ఆ నీడే చెబుతుంది.

బల్బు 5000 కెల్విన్ (వెలుగు రంగును చెప్పే కొలత) దగ్గర, రంగుల్ని ఉన్నవున్నట్టు చూపే సీఆర్‌ఐ 90కి పైన ఉన్నది చూసుకోండి. కాన్వాస్ మీదా, రంగులు కలుపుకునే పలక (పాలెట్) మీదా పడే వెలుగు కూడా అదే రకంగా ఉండాలి. కాన్వాస్ మీద వెలుగు మరీ ఎక్కువైతే తెలియకుండానే ముదురుగా కలిపేస్తాం. అదే బొమ్మను మామూలు గదిలో తగిలిస్తే నల్లగా కనిపిస్తుంది.

ఇప్పుడు లెక్క సంగతి. రాగి గిన్నె మీద మెరిసే చుక్క దీపానికి ప్రతిబింబం. మన ట్యూబులోని తెలుపు ఎంత తెల్లగా ఉన్నా దీపంలా వెలగదు. అంటే ఎదురుగా ఉన్న వెలుగునంతా రంగులోకి దించడం కుదిరే పని కాదు, దాన్ని కుదించి చెప్పాలి. అచ్చమైన తెలుపును ఆ ఒకటి రెండు చుక్కల కోసం దాచిపెట్టాలి. నిమ్మకాయ వెలుగు వైపు, గుడ్డ మడతలు, బల్ల అంచు అన్నీ దానికంటే ఒకటి రెండు మెట్లు కిందే ఉండాలి. చదునుగా వచ్చే బొమ్మల్లో నాకు ఎక్కువగా కనిపించేది ఇదే: తెలుపంతా ముందే ఖర్చయిపోయి ఉంటుంది, మెరుపుకు ఏమీ మిగలదు. రెండో సూత్రం, ఒకే వస్తువులో నీడ వైపు ఉన్న అతి లేత చోటు కూడా వెలుగు వైపు ఉన్న అతి ముదురు చోటు కంటే ముదురుగానే ఉండాలి. నీడలోకి బల్ల నుంచి ఎగబాకే వెలుగు కంటికి చాలా ప్రకాశంగా అనిపిస్తుంది. కళ్లు సగం మూసి చూడండి, అది నీడలో కలిసిపోతుంది. అలా కలిసిపోయినట్టే వేయండి. గుండ్రదనం నిలబడేది అక్కడే.

దీన్ని కళ్లారా చూడాలంటే ఫ్రెంచి చిత్రకారుడు షార్డాఁ 1761 ప్రాంతంలో వేసిన నీళ్ల గ్లాసు, కాఫీ పాత్ర బొమ్మను పెద్ద సైజులో తెరవండి. అమెరికాలో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మ్యూజియంలో ఉంది. మీ గ్లాసుకు అంతకంటే మంచి గురువు దొరకడు. వివరాలు చాలా తక్కువ, వెలుగునీడలు మాత్రం కచ్చితం. నిమ్మకాయలకైతే స్పెయిన్ చిత్రకారుడు సుర్బరాన్ 1633లో వేసిన స్టిల్ లైఫ్ చూడండి. వెనక దాదాపు నలుపు, పక్క నుంచి ఒకే వెలుగు.

రంగుల జాబితా చిన్నదే. టైటానియం వైట్, ఎల్లో ఓకర్, కాడ్మియం ఎల్లో లైట్, బర్న్‌ట్ సియెన్నా, రా అంబర్, అల్ట్రామెరైన్ బ్లూ, ఒక మంచి ఎరుపు. అంతే. నలుపు కావాలంటే అల్ట్రామెరైన్‌లో బర్న్‌ట్ సియెన్నా లేదా అంబర్ కలపండి, ట్యూబు నలుపు కంటే లోతుగా ఉంటుంది. ట్యూబు వెనక పిగ్మెంట్ కోడ్ (అందులో ఏ రంగు పొడి వాడారో చెప్పే గుర్తు) చదివే అలవాటు చేసుకోండి. పి.ఆర్. 83 అని ఉన్న అలిజరిన్ క్రిమ్సన్ వెలుగుకు వెలిసిపోతుంది, దాని బదులు పర్మనెంట్ అని రాసి వేరే కోడ్ ఉన్నది తీసుకోండి. తెలుపులో జింక్ కలిసిన రకాలున్నాయి (పి.డబ్ల్యు. 4). జింక్ ఎక్కువైన పొర కాలక్రమంలో పెళుసెక్కి పగులుతుంది కాబట్టి పి.డబ్ల్యు. 6, అంటే టైటానియం, మాత్రమే ఉన్న తెలుపు మేలు. పాతకాలపు సీసపు తెలుపు అందంగానే ఉంటుంది కానీ విషం. మొదలుపెట్టేవాళ్లకు అక్కర్లేదు. డబ్బు పెట్టగలిగితే తెలుపు, కాడ్మియం ఈ రెండూ ఆర్టిస్ట్ గ్రేడ్ (ఖరీదైన మేలు రకం)లో కొనండి. ఓకర్, సియెన్నా, అంబర్ లాంటి మట్టి రంగులు చవకైన స్టూడెంట్ గ్రేడ్‌లో కూడా ఫరవాలేదు.

మీడియం గురించి జనం అవసరానికి మించి ఆలోచిస్తారు. లిన్‌సీడ్ ఆయిల్, అంటే శుద్ధి చేసిన అవిసె నూనె, రంగును పలుచబరచడానికి వాసన తక్కువున్న ఒక సాల్వెంట్ ఉంటే చాలు. ఈ నూనె ఆవిరై ఎండదు, గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని గట్టిపడుతుంది. పొరల నియమం అక్కడి నుంచే వచ్చింది: కింద పొరలో నూనె తక్కువ, పైకి వెళ్లేకొద్దీ కాస్త కాస్త ఎక్కువ. తిరగేస్తే పై పొర ముందే బిగుసుకుపోతుంది, కింద పొర ఇంకా కదులుతూనే ఉంటుంది, పైది పగులుతుంది. మొదటి పొరకు రంగులో కొంచెం సాల్వెంట్, తర్వాతి వాటికి ట్యూబులో ఉన్నది ఉన్నట్టు, చివరి పొరలకు ఒకటి రెండు చుక్కల నూనె. అంబర్ రంగులు మాంగనీస్ వల్ల త్వరగా ఎండుతాయి, అందుకే కింద పొరకు అవే తగినవి. ఐవరీ బ్లాక్ అనే ట్యూబు నలుపు ఆలస్యంగా ఎండుతుంది, దాన్ని కింద మందంగా పూయకండి.

జెస్సో (రంగు పట్టడానికి ముందుగా వేసే తెల్లటి పూత) పూసిన కాన్వాస్ మీద పలుచని రా అంబర్ రుద్ది గుడ్డతో తుడిచేసి, ఆ లేత గోధుమ రంగు ఎండాక మొదలుపెడతాను. తెల్లటి కాన్వాస్ మీద ఏ రంగు పెట్టినా ముదురుగానే తోస్తుంది, కన్ను మోసపోతుంది. తర్వాత అంబర్‌తోనే గీత. గిన్నె నోరూ గ్లాసు నోరూ వేసేటప్పుడు దీర్ఘవృత్తం చివరలు ఎప్పుడూ కోసుగా రాకూడదు. కంటి మట్టం నుంచి కిందికి వెళ్లేకొద్దీ వృత్తం విచ్చుకుంటుంది కాబట్టి గ్లాసు అడుగు దాని నోటి కంటే గుండ్రంగా ఉండాలి. గీత అయ్యాక రంగు జోలికి పోకుండా తెలుపు, అంబర్‌లతో మొత్తం బొమ్మను బూడిద ఛాయల్లో ఒకసారి పూర్తి చేస్తాను. ఆ దశలో గిన్నె గుండ్రంగా కనిపించకపోతే పైన ఎంత రాగి రంగు వేసినా కనిపించదు. పొర ఎండాకే రంగులు.

మీ మూడు వస్తువులూ మూడు రకాల పాఠాలు, అందుకే మీ ఎంపిక నాకు చాలా నచ్చింది. నిమ్మకాయ నీడకు పసుపులో నలుపు కలిపితే ఆకుపచ్చగా మారుతుంది. ఓకర్, రా అంబర్, కొద్దిగా బర్న్‌ట్ సియెన్నాతో దించండి. తొక్క మీది గుంటలు కాయంతా చుక్కలుగా పెట్టకండి. వెలుగు నీడలోకి తిరిగే సన్నని పట్టీలో మాత్రమే అవి స్పష్టంగా కనిపిస్తాయి, అక్కడే పెట్టండి. కంటికి కాయంతా గరుకుగానే తోస్తుంది.

రాగి దగ్గర గుర్తుంచుకోవలసింది మెరుపు రంగు. నిమ్మకాయ మీది మెరుపు దీపం రంగులోనే, దాదాపు తెల్లగా ఉంటుంది. లోహం అలా కాదు, తన రంగును ప్రతిబింబానికి కూడా పూస్తుంది. రాగి మెరుపు చుట్టూ నారింజ ఛాయ ఉంటుంది, నడిబొడ్డున మాత్రమే తెలుపుకు దగ్గరవుతుంది. ఇంకా, లోహంలో అతి ముదురు పట్టీ అతి లేత పట్టీ పక్కనే, మధ్యలో మెట్లు లేకుండా ఉంటుంది. దాన్ని రుద్ది మెత్తబరిస్తే రాగి మట్టిపాత్ర అయిపోతుంది. గిన్నె పొట్టలో నిమ్మకాయ ప్రతిబింబం వెతకండి. సాగిపోయి, ఎర్రబారి ఉంటుంది. అది పెట్టిన క్షణంలో రెండు వస్తువులూ ఒకే బల్ల మీదికి వస్తాయి. నాకు స్టిల్ లైఫ్‌లో అన్నిటికంటే ఇష్టమైన ఘడియ అదే. బూడిద పొర మీద బర్న్‌ట్ సియెన్నాను నూనెలో పలుచగా గ్లేజ్ (కింద పొర కనిపించే పూత)గా పూస్తే రాగికి లోపలి నుంచి వచ్చే ఎరుపు దొరుకుతుంది. గ్లేజ్ అక్కడ చాలు, నిమ్మకాయకు వద్దు. కాయ తొక్కకు గట్టి రంగే అందం.

గాజుకు సొంత రంగంటూ దాదాపు లేదు. ముందు గ్లాసు లేనట్టుగా వెనక గుడ్డను వేసేయండి. అది తడిగా ఉండగానే నీళ్లలో ఆ గుడ్డ ఎక్కడ విరిగి పక్కకు జరిగిందో సరిచేయండి. తర్వాత అంచుల్లో రెండు మూడు ముదురు గీతలు, నీటి మట్టం దీర్ఘవృత్తం, చివర్లో రెండు మెరుపులు. గ్లాసు చుట్టూ ఒకే మందం గీత గీయకండి, కొన్నిచోట్ల అంచు కనబడకుండా పోవాలి. గ్లాసు నీడలో బల్ల మీద ఒక వెలుగు మరక పడుతుంది, నీళ్లు కటకంలా వెలుగును ఒకచోటికి చేర్చడం వల్ల. ఆ మరకను వదిలేస్తే గ్లాసు తేలిపోతుంది.

కత్తిరించి అతికించినట్టు అనిపించడానికి రెండో కారణం అంచులు. బొమ్మంతా ఒకేలా పదునుగా ఉంటే కన్ను ఎక్కడా వెనక్కి వెళ్లదు. నిమ్మకాయ నీడ వైపు అంచును పొడి కుంచెతో ముదురు గుడ్డలోకి మెల్లగా లాగేయండి. పదును మీరు చూపించదలచుకున్న చోటే ఉంచండి. పెద్ద పనికి గట్టి వెంట్రుకల ఫిల్బర్ట్ (కొస గుండ్రంగా ఉన్న చదును) కుంచెలు రెండు, అంచులకూ మెరుపులకూ మెత్తని సింథటిక్‌లు రెండు సరిపోతాయి.

ఫోటో చూసి వేయొచ్చు, కానీ ఎదురుగా వస్తువు పెట్టుకోగలిగితే వేయకండి. కెమెరా నీడల్ని ఒకే నలుపుగా మూసేస్తుంది, మెరుపుల చుట్టూ ఉన్న రంగును తెలుపుగా కాల్చేస్తుంది, దగ్గర నుంచి తీస్తే గిన్నె నోరు వంకర పోతుంది. కాయ వాడిపోతుందన్న భయముంటే నిమ్మకాయలు ముందు పూర్తి చేసి, గిన్నె, గ్లాసు తర్వాత తీరిగ్గా వేసుకోండి. అవి ఎక్కడికీ పోవు. బల్ల మీద వాటి స్థానాలు టేపుతో గుర్తు పెట్టుకోండి, మీరు నిలబడే చోటు కూడా.

ఎండే క్రమంలో ముదురు చోట్లు నూనె ఇంకిపోయి మసకబారతాయి. రంగు మారిందనుకుని సరిదిద్దకండి. పొర పూర్తిగా ఎండాక ఆ చోట చాలా పలుచగా నూనె రుద్ది, మిగులు తుడిచేస్తే అసలు ఛాయ కనబడుతుంది, దాని మీదే తర్వాతి పొర వేయొచ్చు. నూనె పీల్చిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి. ఎండేటప్పుడు వేడి పుట్టి వాటికి దానంతట అదే మంట అంటుకోవచ్చు. ఆరుబయట విడివిడిగా పరచి ఎండనివ్వండి, లేదా నీళ్లలో తడిపి మూత ఉన్న రేకు డబ్బాలో వేయండి. ఆఖరి వార్నిష్‌కు మామూలుగా ఆరు నెలల నుంచి ఏడాది ఆగాలి, మందంగా వేసిన చోట్లుంటే ఇంకా ఎక్కువ. అందాకా బొమ్మకు దుమ్ము పట్టకుండా, వెలుగు తగిలే గదిలో ఉంచండి. పూర్తి చీకట్లో పెడితే నూనె పసుపెక్కుతుంది.