పెట్రోలు పైపు కోసి రెండో పంపు బిగించారు, కారు కాలింది: క్లెయిము పోయినట్టేనా?

ప్రశ్న: మాది అనంతపురం. పాత పెట్రోలు కారు ఎండకు ఆగిపోతోందని చెబితే, షెడ్డులో ట్యాంకు దగ్గర ప్లాస్టిక్ పైపు కోసి అదనంగా ఇంకో పంపు బిగించారు. నెల తిరక్కుండానే అక్కడ పెట్రోలు కారి, వెనక భాగం కాలిపోయింది. అనుమతి లేని మార్పంటూ బీమా కంపెనీ క్లెయిము కొట్టేసింది. మెకానిక్ తనకు సంబంధం లేదంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు: పోయినట్టు కాదు. అయితే ముందు ఆ కారును కదిలించకండి, రిపేరుకు ఇవ్వకండి. కోసిన పైపు, క్లిప్పు, పంపు, దాని వైర్లు... మీ కేసంతా వాటిలోనే ఉంది. దగ్గరి నుంచి ఫోటోలు తీయండి. ఫలానా రోజు నిపుణుడితో తనిఖీ చేయిస్తున్నామని మెకానిక్‌కూ బీమా కంపెనీకీ రిజిస్టర్డ్ పోస్టులో తెలపండి. రాకపోతే అది వాళ్ల ఇష్టం.

నిపుణుడి చేత ఏం రాయించాలన్నది ముఖ్యం. ఇంజెక్షన్ కారు (పెట్రోలును ప్రెషరుతో ఇంజనులోకి చిమ్మేది) లైనులో ప్రెషరు చాలావరకు మూడు, నాలుగు బార్ ఉంటుంది. తక్కువ ప్రెషరుతో నడిచే పాత తరం కార్బ్యురేటర్ కార్ల పంపు, రబ్బరు గొట్టం దాన్ని తట్టుకోడానికి చేసినవి కావు. గట్టి నైలాన్ పైపు మీద మామూలు గొట్టం తొడిగి స్క్రూ క్లిప్పు బిగిస్తే, పైపు అక్కడ నొక్కుకుపోయి, వేడికి పట్టు సడలి కారుతుంది. నైలాన్‌కు తగిన గాట్ల ఫిట్టింగో క్విక్ కనెక్టరో, ఇంజెక్షన్ గ్రేడు గొట్టం, చుట్టూ సమానంగా పట్టే క్లాంపు వాడాలి. పంపుకు సొంత ఫ్యూజు, రిలే (దాని కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్) ఉండాలి; ఇంజను ఆగితే పంపూ ఆగాలి. ఇగ్నిషన్ నుంచి నేరుగా వైరు లాగి వదిలేస్తే, ఇంజను ఆగినా తాళం ఆన్‌లో ఉన్నంతసేపూ పంపు పెట్రోలు తోస్తూనే ఉంటుంది. వీటిలో ఏది జరిగిందో రిపోర్టులో స్పష్టంగా ఉంటే, అది సేవాలోపమని వాదించడానికి ఆధారం దొరికినట్టే. బిల్లు లేదా? ఫోన్‌పేలో కట్టిన రుజువు, వాట్సాప్ మెసేజీలు పనికొస్తాయి.

ఇక బీమా. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, వాహనం మౌలిక లక్షణం మారేలా నిర్మాణంలో చేసిన మార్పే ‘ఆల్టరేషన్’. ఆర్సీలో పంపు వివరం ఉండదు కాబట్టి ఇది ఆ కోవలోకి రాదని గట్టిగానే వాదించవచ్చు. వస్తుందని తేలితే మాత్రం సెక్షన్ 182ఏ(4) కింద 6 నెలల వరకు జైలు, లేదా మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

అలాగని పూర్తి సొమ్ము వస్తుందని ఆశపెట్టను. మంట ఆ జాయింటు దగ్గరే పుట్టింది కనుక, వాహనాన్ని జాగ్రత్తగా చూసుకోవాలన్న షరతును కంపెనీ పట్టుకుంటుంది. షరతు ఉల్లంఘన ఉన్నా క్లెయిమును పూర్తిగా కొట్టేయకూడదని, ‘నాన్ స్టాండర్డ్’ పద్ధతిలో, అంటే కొంత తగ్గించి (75 శాతం వరకు) ఇవ్వాలని 2010లో అమలేందు సాహూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు వాహనాన్ని అద్దెకు తిప్పిన విషయం. అయినా దాన్ని చూపి అడగండి. తిరస్కరణకు ఏ షరతు కారణమో రాతలో తీసుకోండి, నష్టాన్ని అంచనా వేసిన సర్వేయరు రిపోర్టు కాపీ కూడా.

తర్వాత బీమా కంపెనీ గ్రీవెన్స్ (ఫిర్యాదుల) విభాగానికి రాయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, ఏడాదిలోపు హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లవచ్చు. కానీ మెకానిక్‌నూ కంపెనీనీ కలిపి అడగాలంటే అనంతపురం జిల్లా వినియోగదారుల కమిషనే మేలు; అక్కడ కేసు నడుస్తుంటే అంబుడ్స్‌మన్ తీసుకోరు. మీరు కట్టిన ప్రీమియం, మెకానిక్‌కు ఇచ్చిన సొమ్ము రూ.5 లక్షలు దాటవు కనుక కమిషన్‌లో ఫీజు లేదు. అక్కడ కేసు వేయడానికి గడువు రెండేళ్లు.