టెక్సస్‌లో ఏడో తరగతి అబ్బాయిని స్కూల్‌లో అమెరికన్ ఫుట్‌బాల్‌కి పంపొచ్చా? హెల్మెట్ ఉంటే చాలదా?

మీ రెండో ప్రశ్నకి ముందు చెప్తానండీ: చాలదు. హెల్మెట్ ఉన్నది పుర్రె పగలకుండా. లోపల మెదడు అదరడాన్ని అది ఆపలేదు, మెడను అసలే కాపాడదు. మా వాడు డాలస్ దగ్గర ఏడో తరగతి నుంచి హైస్కూల్ దాకా లైన్‌బ్యాకర్‌గా (బంతితో పరిగెత్తేవాణ్ణి అడ్డుకుని పడేసే స్థానం) ఆడాడు. ప్రాక్టీస్‌కి వెళ్తే నా కళ్ళు ఒక్కదాని మీదే ఉండేవి: గుద్దేటప్పుడు వాడి తల ఎక్కడుంది?

తల వంచి నడినెత్తితో గుద్దితే మెడ ఎముకల సహజమైన వంపు పోయి నిటారుగా అయిపోతాయి, దెబ్బంతా వాటి మీదే పడుతుంది. దెబ్బ తిన్నవాడి కంటే కొట్టినవాడి మెడకే ఎక్కువ ప్రమాదం. 2017 డిసెంబరులో ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) జట్టు స్టీలర్స్ ఆటగాడు రయాన్ షేజియర్ ఇలాగే తల దించి ట్యాకిల్ చేసి (అంటే ఎదుటివాణ్ణి పట్టి పడేయబోయి), కాళ్ళు కదపలేక పడిపోయాడు. మళ్ళీ నడిచాడు గానీ ఆడలేకపోయాడు. స్కూల్, కాలేజీ ఆటల్లో తలతో గుద్దడాన్ని 1976లోనే నిషేధించారు. ఆ తర్వాత మెడ విరిగి కాళ్ళూ చేతులూ పడిపోయిన కేసులు బాగా తగ్గాయి. ఎన్‌ఎఫ్‌ఎల్ మాత్రం తల దించి కొట్టడం మీద గట్టి నియమం 2018లో గానీ పెట్టలేదు!

నేను గుంటూరులో కబడ్డీ ఆడినవాణ్ణి. అక్కడ నెత్తిన ఏమీ ఉండదు కాబట్టి తలతో గుద్దాలని ఎవడికీ తోచదు. తొడో నడుమో పట్టేస్తాం. ఇక్కడ హెల్మెట్ పెట్టగానే పిల్లలకి ఎక్కడలేని ధైర్యం వస్తుంది. అప్పట్లో సియాటిల్ సీహాక్స్ జట్టు కోచ్‌గా ఉన్న పీట్ క్యారల్ 2014లో రగ్బీ పద్ధతి ట్యాకిల్ మీద వీడియో పెట్టాడు, చూడండి. మా వాడికి నేర్పిందీ అదే: కళ్ళు పైకెత్తి, భుజంతో తొడల దగ్గర తగలాలి, తల రన్నర్‌కి (బంతితో పరిగెత్తేవాడికి) వెనకవైపు ఉండాలి, రెండు చేతులూ చుట్టేసి కాళ్ళు ఆడిస్తూనే ఉండాలి. మొదట మోకాళ్ళ మీద, తర్వాత నడుస్తూ, ఆ తర్వాతే పరిగెత్తుతూ చేయించేవారు. అయినా నాలుగో క్వార్టర్‌లో, అంటే ఆట చివరి భాగంలో, ఒళ్ళు అలిసిపోయాక తల దానంతటదే వంగుతుంది.

టెక్సస్‌లో సీజన్ మొదలయ్యాక ప్రాక్టీస్‌లో పూర్తి కాంటాక్ట్ (నిజంగా గుద్దుకుని పడేసుకోవడం) ఒక్కో ఆటగాడికి వారానికి 90 నిమిషాలు దాటకూడదు. కంకషన్ (దెబ్బకి మెదడు అదరడం) అనుమానం వస్తే వెంటనే ఆట ఆపాలి, డాక్టర్ రాసిస్తే గానీ మళ్ళీ దింపకూడదు. మా వాడికీ ఒకసారి అయింది. ఆ సాయంత్రం బాగానే ఉన్నానన్నాడు, మర్నాడు వెలుతురు చూడలేకపోయాడు. అందుకని పిల్లాడి మాట నమ్మి ఊరుకోకండి.

పంపొచ్చా అంటే, ప్రాక్టీస్ కళ్ళారా చూశాకే అనుమతి పత్రం మీద సంతకం పెట్టండి. ఎవడైనా తల దించి కొడితే కోచ్ ఆపి మళ్ళీ చేయిస్తున్నాడా, లేక చప్పుడు గట్టిగా వచ్చిందని భుజం తడుతున్నాడా గమనించండి. భుజం తట్టే రకమైతే ఈ ఏడాదికి ఫ్లాగ్ ఫుట్‌బాల్‌లో (ట్యాకిల్ బదులు నడుముకి కట్టిన గుడ్డ పీకే ఆట) వేయండి.