వజ్రపుటుంగరం షాపులో కొనాలా, ఆన్‌లైన్‌లోనా?

నగా నాణ్యం: పాఠకుల ప్రశ్నలకు బ్యాంకులో నగల విలువ కట్టిన మాజీ అప్రైజర్ జవాబులు

ప్రశ్న: మాది హనుమకొండ. వచ్చే నెలలో నా ఎంగేజ్‌మెంట్. అమ్మాయి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది. ఆమెకు వజ్రపుటుంగరం పెట్టాలని ఉంది. లక్షన్నర దాకా పెట్టగలను. వరంగల్‌లో మా తాత కాలం నుంచి బంగారం కొనే షాపు ఉంది. అక్కడే కొనాలని అమ్మ పట్టు. "షావుకారు మనోడు, మోసం చెయ్యడు" అంటుంది. అమ్మాయేమో ఒక వెబ్‌సైట్ లింక్ పంపింది. అందులో అలాంటి ఉంగరమే పాతిక వేలు తక్కువకు వస్తోంది. దీనికి తోడు వజ్రం అందరికీ పడదని మా పెద్దమ్మ ఒక మాట అనేసరికి ఇంట్లో టెన్షన్ మొదలైంది. ఎక్కడ కొనమంటారు?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ముందుగా శుభాకాంక్షలు. పాతిక వేలు తక్కువ అన్నారు గదా, ఏ రాయి కంటే తక్కువ? మీ ఉత్తరంలో షాపు సంగతి దగ్గర్నుంచి పెద్దమ్మ మాట దాకా అన్నీ ఉన్నాయి గానీ రాయి బరువు లేదు, రంగు లేదు, క్లారిటీ (లోపల మచ్చలు, గీతలు ఎంత తక్కువన్నది) లేదు. షాపులో చూసిందీ లింకులో ఉన్నదీ ఒకే రకం అని ఎలా అనుకున్నారో నాకు అర్థం కాలేదు. ఫొటోలో అన్ని వజ్రాలూ మెరుస్తాయి.

వజ్రానికి క్యారెట్ అంటే బరువు: వంద సెంట్లు, అంటే 200 మిల్లీగ్రాములు. బంగారానికి క్యారెట్ అంటే స్వచ్ఛత, అది వేరు. "50 సెంట్ల ఉంగరం" అని ఎవరన్నా చెబితే, అది ఒక్క రాయి బరువా, అన్ని రాళ్లూ కలిపిన బరువా అన్నది అడగాలి. ఐదేసి సెంట్ల రాళ్లు పది కలిపినా 50 సెంట్లే అవుతుంది. ఒంటి రాయి 50 సెంట్లున్నా అంతే. కానీ వాటి ధరలకు పొంతనే ఉండదు. పెద్ద రాయి దొరకడం అరుదు కాబట్టి బరువు పెరిగేకొద్దీ సెంటు రేటే పెరిగిపోతుంది. చిన్న రాళ్లను గుత్తిగా పొదిగి, దూరం నుంచి ఒకటే పెద్ద రాయిలా కనిపించేటట్టు చేసే ఉంగరాలు షాపుల్లోనూ ఉన్నాయి, ఆన్‌లైన్‌లోనూ ఉన్నాయి. చూడ్డానికి బాగానే ఉంటాయి, నేనేమీ తప్పుపట్టను. ఒంటి రాయి ధర ఇచ్చి గుత్తి తెచ్చుకోవద్దంటున్నానంతే. మీ పాతిక వేల తేడా ఇక్కడే ఉండి ఉండొచ్చు. లేదా లింకులోది గనిలోంచి తీసింది కాక ల్యాబ్‌లో తయారైన రాయి అయ్యుండొచ్చు. అదీ కాకపోతే రంగు రెండు మెట్లు కిందిది కావచ్చు. రంగుకు డి నుంచి జెడ్ దాకా అక్షరాలుంటాయి. డి అంటే అసలు రంగే లేనిది, కిందికి పోయేకొద్దీ పసుపు ఛాయ. ఉంగరంలో పెట్టాక జి, హెచ్ రాళ్లు మామూలు కంటికి తెల్లగానే కనిపిస్తాయి. డి కోసం డబ్బు పొయ్యకండి. ఆ డబ్బు కటింగ్ మీద పెట్టండి. రాయి మెరుపంతా సాన బాగా కుదరడంలోనే ఉంది.

ఇంకొక కిటుకు. సరిగ్గా 50 సెంట్లు, సరిగ్గా క్యారెట్ దగ్గర ధర ఒక్కసారిగా ఎగురుతుంది. 47, 48 సెంట్ల రాయి వేలికి పెట్టుకుంటే 50 సెంట్ల రాయికీ దానికీ తేడా ఎవరూ చెప్పలేరు. ఇట్లాంటి రాయిని వెతుక్కోవడం ఆన్‌లైన్‌లో తేలిక. షాపులో అయితే ట్రేలో ఉన్నవే చూపిస్తారు, లేదంటే హైదరాబాద్‌కో ముంబైకో ఫోన్ చేసి తెప్పిస్తారు. ఎక్కడ కొన్నా రాయి చాలావరకు సూరత్‌లో సానపట్టిందే. మీ షావుకారు గారికి గనులేమీ లేవు.

ఇక అమ్మగారు చెప్పిన నమ్మకం సంగతి. 22 క్యారెట్ల గొలుసు కొన్నప్పుడు ఆ నమ్మకం పనికొచ్చింది. వజ్రం దగ్గర అదే నమ్మకం మొహమాటమైపోతుంది. తాత కాలం నాటి షాపులో "సర్టిఫికెట్ ఏదండీ?" అని అడగడానికి మనకు నోరు రాదు. ముక్కూ మొహం తెలియని వెబ్‌సైట్‌నైతే నిర్మొహమాటంగా వంద అడుగుతాం. అడగనిది అమ్మైనా పెట్టదంటారు, షావుకారు మాత్రం ఎందుకు పెడతాడు?

అందుకని ఒక పని చెయ్యండి. అమ్మాయి పంపిన లింకులో రాయి బరువు, రంగు, క్లారిటీ, కట్, సర్టిఫికెట్ ఇచ్చిన ల్యాబ్, బంగారం ఎన్ని క్యారెట్లు, నికర బరువు, మజూరి, జీఎస్టీ విడివిడిగా ఉంటాయి. ఆ పేజీని ప్రింట్ తీసుకుని షాపుకు పోండి. "ఇదే రకం రాయికి మీ లెక్క ఇట్లాగే రాసివ్వండి" అనండి. వజ్రాలను పరీక్షించే జీఐఏ, ఐజీఐ లాంటి ల్యాబ్‌ల సర్టిఫికెట్‌కు ఒక నంబర్ ఉంటుంది. ఒంటి రాయి అయితే సాధారణంగా అదే నంబర్‌ను దాని నడుము అంచు మీద లేజర్‌తో చెక్కుతారు. పదింతలు పెద్దగా చూపే లూప్ అన్ని వజ్రాల షాపుల్లోనూ ఉంటుంది. అడిగి తీసుకుని, రాయిని పక్కకు తిప్పుతూ చూడండి. మొదట ఏమీ కనిపించదు. లూప్‌ను కంటికి ఆనించి, ఉంగరాన్నే దగ్గరికి తెచ్చుకుంటే దుమ్ము గీతలా ఉన్నది కాస్తా అంకెలవుతుంది. ఆ అంకెలనే ల్యాబ్ వెబ్‌సైట్‌లో కొట్టి, కాగితం మీద ఉన్నదీ అక్కడ ఉన్నదీ ఒకటేనా చూసుకోండి. షాపులో లైట్లన్నీ రాయి మెరవడానికి పెట్టినవే. ఒకసారి గుమ్మం దాకా తెచ్చి నీడలో చూస్తామంటే ఎవరూ కాదనరు.

బిల్లు సంగతి. ఉంగరం మొత్తం 3.560 గ్రాములు, అందులో వజ్రం 30 సెంట్లు అనుకుందాం. 30 సెంట్లంటే 0.060 గ్రాము. బంగారం లెక్క 3.500కే కట్టాలి. కొందరు మొత్తం బరువుకు బంగారం రేటు వేసి, వజ్రానికి మళ్లీ వేరే వేస్తారు. ఒక్క రాయి అయితే పోయేది కొంచెమే. రాళ్లు ఎక్కువున్న నెక్లెస్ అయితే బాగానే పోతుంది. వజ్రపు ఉంగరాలు ఎక్కువగా 18 క్యారెట్లలో చేస్తారు, రాయిని పట్టుకునే ప్రాంగ్స్ గట్టిగా ఉండాలని. కాబట్టి ఉంగరం లోపల 750 అని (వెయ్యి పాళ్లలో 750 బంగారం), అక్షరాలూ అంకెలూ కలిపి ఆరుండే హెచ్‌యూఐడీ అనే గుర్తింపు కోడ్ ఉండాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి అది లేకుండా హాల్‌మార్క్ బంగారం అమ్మకూడదు. హాల్‌మార్క్ వ్యవహారం చూసే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వారి 'బీఐఎస్ కేర్' యాప్‌లో కొడితే వివరాలు వస్తాయి. ఒకటి గుర్తుంచుకోండి, హాల్‌మార్క్ బంగారానికే, రాయికి కాదు. ఇక లక్షన్నరకు 3 శాతం జీఎస్టీ అంటే నాలుగున్నర వేలు. అది మిగులుతుందని కచ్చా చిట్టీ ఒప్పుకున్నారంటే రేపు ఏ గొడవొచ్చినా మీ చేతిలో ఆధారం ఉండదు.

తిరిగి అమ్మే మాట కూడా ఇప్పుడే మాట్లాడుకోవాలి. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అన్నది వజ్రానికి సరిపోయినట్టు మరి దేనికీ సరిపోదు. నేను బ్యాంకులో ఉండగా ఒకామె రాళ్ల ఉంగరం తెచ్చింది, కూతురి ఫీజు కోసం గోల్డ్ లోన్ కావాలని. తూకం వేసి, రాళ్ల బరువు తీసేసి, బంగారానికి ఎంతొస్తుందో రాసిచ్చాను. ఆమె ఆ చిట్టీని తిప్పి వెనక వైపు కూడా చూసింది, రాళ్ల లెక్క అక్కడేమైనా ఉందేమోనని. గోల్డ్ లోన్‌కు బంగారం విలువే తప్ప రాళ్ల విలువ కట్టరు. అందుకే వజ్రం పొదుపు కాదు, ముచ్చట. ముచ్చటగానే కొనండి. అయినా ఎక్స్ఛేంజ్‌కు ఎంత శాతం ఇస్తారు, డబ్బు వాపసుకు ఎంత, ఆ శాతం కొన్న ధర మీదా ఆ రోజు ధర మీదా అన్నది బిల్లు మీద రాయించుకోండి. ఆన్‌లైన్ వాళ్లు దీన్ని సైట్‌లో రాసి పెడతారు. షాపులో నోటి మాటగా చెబుతారు. నోటి మాట చెప్పిన పెద్దాయన తర్వాత గల్లాపెట్టె దగ్గర ఆయన కొడుకు కూర్చుంటాడు.

మీ పెద్దమ్మ గారి మాట గురించి నేను చెప్పేదేమీ లేదు, అది నా శాస్త్రం కాదు. మా అవుసల (కంసాలి) ఇళ్లల్లో మాత్రం తెలిసినవాళ్లకు రాయిని పొదగక ముందే రెండు మూడు రోజులు ఇచ్చి పంపడం మామూలే. మీ షాపులో అడగండి, ఇస్తారు. ఆన్‌లైన్‌లో అయితే వాపసు గడువు ఉంటుంది, పెద్దమ్మ గారికి అది చాలు. పేరు చెక్కించినవి, ఆర్డర్ మీద చేయించినవి మాత్రం చాలాచోట్ల వాపసు తీసుకోరు, చూసుకోండి.

మీకైతే నా ఓటు షాపుకే. టైం నెలే ఉంది. అమ్మాయి వేలి కొలత మీ దగ్గర ఉన్నట్టు లేదు. ఉంగరం బిగుతైనా వదులైనా షాపులో వెంటనే సరిచేస్తారు. ఏడాదికోసారి ప్రాంగ్స్ చూపించుకోవడానికీ దగ్గర. దీనికోసం ఐదారు వేలు ఎక్కువైనా ఇవ్వొచ్చు, పాతిక వేలు ఇవ్వక్కర్లేదు. కానీ "సర్టిఫికెట్ ఎందుకు బాబూ, నేనున్నా గదా" అన్నారంటే, టీ ఇస్తే తాగి, దండం పెట్టి వచ్చి, ఆ సాయంత్రమే ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టండి. పార్సిల్‌ను సీలు తీసే ముందు నుంచి ఫోన్‌లో వీడియో తీయండి. తేడా వస్తే ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చెయ్యండి. కంపెనీ బెంగళూరులో ఉన్నా ముంబైలో ఉన్నా 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. ఐదు లక్షల లోపు సరుకుకు ఫీజు కూడా లేదు.

ప్రశ్న: ల్యాబ్‌లో తయారైన వజ్రం నకిలీదా? షాపులో వజ్రాలు పరీక్షించే పెన్ను పెట్టి చూస్తే కూత వచ్చింది, అసలుదే అన్నారు.
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: నకిలీ కాదమ్మా, అదీ వజ్రమే, అదే కార్బన్. 2023లో మన ప్రధాని అప్పటి అమెరికా అధ్యక్షుడు బైడెన్ భార్యకు కానుకగా ఇచ్చింది 7.5 క్యారెట్ల ల్యాబ్ వజ్రమే. మామూలు పెన్ను చూసేది వేడి ఎంత తొందరగా పాకుతుందనేది ఒక్కటే. కాబట్టి గనిలోదానికీ ల్యాబ్‌దానికీ ఒకేలా కూస్తుంది. మొయిసనైట్ అనే వేరే రాయికి కూడా చాలా పెన్నులు కూస్తాయి. గనిదో ల్యాబ్‌దో తేల్చాలంటే పరీక్షలు చేసే ల్యాబ్‌లోని యంత్రాలే కావాలి. తేడా ధరలో ఉంది, ల్యాబ్‌ది బాగా తక్కువ. గని వజ్రాలకు పేరుమోసిన డీ బీర్స్ కంపెనీ 2018లో లైట్‌బాక్స్ పేరుతో క్యారెట్ 800 డాలర్లకు ల్యాబ్ వజ్రాలు అమ్మడం మొదలుపెట్టింది. ధరలు పడిపోయి, 2025లో దాన్ని మూసేస్తున్నామని ప్రకటించింది. ల్యాబ్ రాయి కొనదలిస్తే ల్యాబ్ రాయి ధరకే కొనండి, గనిది కొంటే "సహజ వజ్రం" అని బిల్లు మీద రాయించండి.

ప్రశ్న: మా నాయనమ్మ తెల్లరాళ్ల కమ్మలు నాకిచ్చింది. నీళ్లలో వేస్తే అసలు వజ్రం కనిపించదంటారు, నిజమేనా?
– ఒక పాఠకురాలు, జగిత్యాల

జవాబు: నిజం కాదు. వజ్రం కాంతిని బాగా వంచుతుంది, నీళ్లలోనూ చక్కగా కనిపిస్తుంది. అద్దం మీద గీసి చూడటం కూడా పనికిరాదు, అమెరికన్ డైమండ్ కూడా అద్దాన్ని గీస్తుంది. అసలు ముందు కమ్మల వెనక వైపు చూడండి. పాతకాలం పనిలో రాయి అడుగున రేకు పెట్టి బంగారంతో మూసేసేవారు. అట్లా మూసి ఉంటే నీళ్లలో వేయనే వేయొద్దు. సందుల్లోంచి తడి పోయి రేకు నల్లబడితే, అసలు వజ్రమైనా మసకబారి కనిపిస్తుంది. పాత పని తెలిసిన అవుసలాయనతో ఒక్క రాయి విప్పించి, ల్యాబ్‌కు పంపండి.