నెల జీతం లేనివాళ్ల జమాఖర్చుల యాప్: మేనకోడలికి లేఖ

విజయనగరం

చిరంజీవి మేనకోడలికి,

మావయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన యాప్ స్క్రీన్లన్నీ చూశాను తల్లీ. రంగులు, గ్రాఫులు ముచ్చటగా ఉన్నాయి. కానీ మొదటి స్క్రీన్‌లోనే ‘మీ నెల జీతం ఎంత?’ అని అడిగావు. పలాస జీడి రైతులు, ఉద్దానం కొబ్బరి తోటల వాళ్లు, భావనపాడు మత్స్యకారులు ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. వాళ్లకు డబ్బు నెలనెలా రాదు, కుప్పగా వస్తుంది. వరి డబ్బు సంక్రాంతి చుట్టుపక్కల, జీడి గింజల డబ్బు ఎండాకాలంలో. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర, మోటారు పడవలకు సముద్రంలో వేట నిషేధం, ఆ రెండు నెలలూ వాళ్లకు వేట మీద రాబడే ఉండదు.

అందుకని ‘నెల బడ్జెట్’ తీసేసి, ‘ఈ డబ్బు ఎప్పటిదాకా సరిపోవాలి?’ అని అడుగు. జనవరిలో 90,000 వచ్చింది, మళ్లీ చేతికి డబ్బు అందేది మే నెలలో అనుకో. ఎరువుల కొట్టు బాకీ, బ్యాంకు వాయిదా కలిపి 30,000 ముందే పక్కన పెట్టించు. మిగిలిన 60,000 నాలుగు నెలలకు పంచితే నెలకు 15,000. తెరవగానే పెద్ద అక్షరాల్లో కనపడాల్సింది ఆ ఒక్క అంకె. గ్రాఫు లోపల ఎక్కడున్నా పరవాలేదు.

వడ్డీ గడిలో ‘శాతం’ అని మాత్రమే రాశావు, ఇది పెద్ద తప్పు. మన దగ్గర వడ్డీ అంటే నెలకు నూటికి ఇన్ని రూపాయలు. ‘రెండు రూపాయల వడ్డీ’ అంటే ఏడాదికి 24 శాతం. 40,000 అప్పున్న మనిషి నీ గడిలో 2 కొడితే, యాప్ దాన్ని ఏడాదికి 2 శాతం కింద లెక్కేసి, 9,600 కట్టాల్సిన వడ్డీని 800 అని చూపిస్తుంది. గడి పక్కనే ‘నెలకు నూటికి’, ‘ఏడాదికి శాతం’ అని రెండు బటన్లు పెట్టు. అంకె కొట్టగానే కింద ‘నెలకు 800, ఏడాదికి 9,600’ అని రూపాయల్లో రావాలి. పొరపాటు పడితే అక్కడికక్కడే తెలిసిపోతుంది.

చీటీని నెలనెలా ఒకే ఖర్చులా రాశావు. లెక్క అలా నడవదమ్మా. 20 మంది, నెలకు 5,000, లక్ష చీటీ అనుకో. ఒకరు 20,000 తగ్గించుకుని పాడుకున్నారు. అందులో నిర్వాహకుడి కమీషన్ 5,000 పోతే మిగిలిన 15,000 ఇరవై మందికి తలా 750. ఆ నెల కట్టేది 4,250 మాత్రమే. ప్రతి నెలా పాట మారుతుంది కాబట్టి ‘ఈ నెల ఎంత కట్టారు?’ అని అడగాల్సిందే. ఇంకో సంగతి: చీటీ ఎత్తనంతవరకు కట్టినదంతా పొదుపు, ఎత్తిన రోజు నుంచి మిగిలిన వాయిదాలన్నీ అప్పు. ‘చీటీ ఎత్తారా?’ అన్న ఒక్క బటన్‌తో ఆ లెక్క పొదుపు నుంచి అప్పులోకి మారాలి.

చేబదులు, డ్వాక్రా పొదుపు ఖర్చులో కలపకు. ఏటీఎంలో తీసిన డబ్బూ ఖర్చు కాదు, బ్యాంకులోంచి చేతికి మారిందంతే. దీన్ని ఖర్చుగా రాసి, ఆ డబ్బుతో కొన్న సరుకులు మళ్లీ రాస్తే ఒకే రూపాయి రెండుసార్లు పోయినట్టు కనిపిస్తుంది.

కోడ్‌లో డబ్బును దశాంశాల్లో దాచకు. కంప్యూటర్‌కు 0.1, 0.2 కలిపితే సరిగ్గా 0.3 రాదు. అంతా పైసల్లో, పూర్ణాంకాల్లో పెట్టు. 150 రూపాయలంటే 15000. పదివేలు మూడు వాయిదాలు చేస్తే 3,333.33 చొప్పున ఒక పైసా తగ్గుతుంది, దాన్ని చివరి వాయిదాలో కలుపు. కామాలు మన లెక్కన 1,00,000 అని పడేలా లొకేల్ (ఏ దేశపు పద్ధతిలో అంకెలు చూపాలో చెప్పే అమరిక) భారత్‌కు మార్చు.

బ్యాంకు ఎస్‌ఎంఎస్‌లు చదివే అనుమతి మొదటి వెర్షన్‌లో వద్దు. ప్లే స్టోర్‌లో దానికి విడిగా డిక్లరేషన్ ఇచ్చి ఒప్పించుకోవాలి, పైగా మెసేజీలు చదువుతానంటే జనం భయపడతారు, ఆ భయం న్యాయమే. తర్వాత పెట్టినా, ఒకే చెల్లింపుకు రెండు మెసేజీలు వస్తుంటాయి. యూపీఐ 12 అంకెల రిఫరెన్స్ నంబరు సరిచూసి రెండోది వదిలెయ్.

డేటా ఫోన్‌లోనే ఉండాలి, నెట్ లేకపోయినా పనిచేయాలి. మందస, మెళియాపుట్టి కొండవార ఊళ్లను మనసులో పెట్టుకో. ఒకే ఫోన్ ఇంటిల్లిపాదీ వాడతారు కాబట్టి పిన్ ఉండాలి, నోటిఫికేషన్‌లో మాత్రం అంకెలు కనపడకూడదు. ఆ ఇంటి ఇల్లాలి పొదుపు ఆవిడకే తెలియాలి.

అక్షరాల సంగతి: ‘ఖర్చు’, ‘వడ్డీ’లో వొత్తులు కింది అంచున తెగిపోతున్నాయి. ఇంగ్లీషుకు పెట్టిన లైన్ ఎత్తు తెలుగుకు చాలదు, అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లు ఇవ్వు. బటన్లు 48 డీపీకి (ఆండ్రాయిడ్ స్క్రీన్ కొలత) తగ్గకూడదు, చేలో పనిచేసిన వేళ్లు అవి. ‘లావాదేవీలు’ వద్దు, ‘వచ్చింది’, ‘ఇచ్చాను’ చాలు.

ముందు ఈ నాలుగే చెయ్: రాబడి ఖర్చు, చేబదులు, వడ్డీ, చీటీ. రెండు జీబీ ర్యామ్ ఉన్న పాత ఫోన్లలో వేసి పది ఇళ్లకు ఇవ్వు. రెండు వారాలు వాళ్లను పుస్తకంలోనూ రాయమను. పుస్తకం లెక్కకు యాప్ లెక్క ఎక్కడ తేడా వచ్చిందో ఆ పేజీలు ఫొటో తీసి పంపు, కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
మావయ్య