బ్లూబెర్రీకి వైరస్ కాదు, మీ బోరు నీళ్లే

ప్రశ్న: మేడ మీద కుండీల్లో రెండు బ్లూబెర్రీ మొక్కలు (బిలాక్సి రకం) పెట్టి ఎనిమిది నెలలైంది. ఎర్రమట్టి, వర్మికంపోస్టు కలిపాను. నెలకోసారి గుడ్డు పెంకుల పొడి వేసి, బోరు నీళ్లు పోస్తున్నాను. లేత ఆకులు పసుపెక్కుతున్నాయి. వైరస్ అని దుకాణంలో ఇచ్చిన మందు మూడుసార్లు కొట్టినా తగ్గలేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, మేడ్చల్

జవాబు: ముందు ఆ మందు ఆపండి. మొక్కకు సోకిన వైరస్‌ను నయం చేసే మందు ఏ దుకాణంలోనూ లేదు. అయినా ఇది వైరస్ కాదు. మీరు పంపిన ఫొటోలో లేత ఆకు పసుపుగా, ఈనెలు మాత్రం ఆకుపచ్చని వలలా ఉన్నాయి. ముదురాకులు బాగానే ఉన్నాయి. ఇది ఇనుప ధాతు లోపం. ఎర్రమట్టికి ఆ రంగు వచ్చిందే ఇనుముతో కదా అనవచ్చు. ఉంది, కానీ పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత; అంకె తగ్గితే ఆమ్లం ఎక్కువ) 7 దాటితే వేరుకు అందదు. బ్లూబెర్రీకి 4.5–5.5 ఉండాలి. కుండీ అంచున కట్టిన తెల్లటి పొర చూశారా? అది బోరు నీటి సున్నం. దానికి తోడు గుడ్డు పెంకులు! అవీ సున్నమే, సున్నం పీహెచ్‌ను పెంచుతుంది. టమాటాకు చెప్పిన చిట్కా దీనికి పనికిరాదు.

పీహెచ్ కాగితాలు కొని ముందు నీటిని పరీక్షించండి. ఈ పని చేయకుండా ఏ మందూ కొనవద్దు. వాన నీరు పట్టుకుంటే మేలు. లేదంటే 10 లీటర్ల బోరు నీటికి నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) 3 గ్రాములతో మొదలుపెట్టి, పీహెచ్ 5.5కు దిగేవరకు కొద్దికొద్దిగా కలపండి. ఆర్‌ఓ యంత్రం బయటికి వదిలే నీరు అసలు వద్దు, అందులో లవణాలు ఇంకా ఎక్కువ.

లీటరు నీటికి అన్నభేది (ఇనుము ఉండే ఫెర్రస్ సల్ఫేట్) 2 గ్రాములు, నిమ్మ ఉప్పు 1 గ్రాము కలిపి సాయంత్రం పూట లేత ఆకులపై పిచికారీ చేయండి. పది రోజులకు మరోసారి. ఇది తాత్కాలికమే. తొలకరి పడ్డాక మట్టి మార్చండి: కడిగిన కొబ్బరి పొట్టు 2 పాళ్లు, పీట్ మాస్ (ఆమ్ల గుణమున్న కుళ్లిన నాచు) 1, పెర్లైట్ (నీరు నిలవకుండా చేసే తేలికైన తెల్ల గుళికలు) 1. వేర్లు సన్నగా, పైపైనే ఉంటాయి, లాగవద్దు. నెల తర్వాత అమ్మోనియం సల్ఫేట్ కుండీకి 5 గ్రాములు, నెలకోసారి.

ఇప్పటికే పసుపెక్కిన ఆకులు పూర్తిగా పచ్చబడవు. వాటిని చూసి మళ్లీ దుకాణానికి వెళ్లకండి, కొత్త చిగురు రంగు చూడండి.